కాగితం చుట్టిన చక్కెర పేర్లు

మా దుకాణానికి వచ్చేవాళ్లకు ముందుగా కనిపించేవి సీసాలు. జనగామ స్టేషన్ నుంచి ఊళ్లోకి వచ్చే బాటలో మలుపు తిరగగానే మూడో గడప మాది. బియ్యం, కందిపప్పు, ఉప్పు, చింతపండు లోపలి అర్రలో బస్తాల్లో ఉండేవి. సీసాలు మాత్రం ముందు బల్ల మీద, చిన్నపిల్లల కంటికి సమానంగా. నాకు చదువు లేదు. సంతకం గీయడం వచ్చు, తూకం రాళ్ల మీద అంకెలు తెలుసు, అంతవరకే. కానీ ఏ సీసాలో ఏముందో చీకట్లో తడిమి చెప్పేదాన్ని. ఎర్రవి, పచ్చవి గుండ్రటి బిళ్లలు. చక్కెర అద్దిన నారింజ తొనలు. నడుమ బెజ్జం ఉండి, పెదాల మధ్య పెట్టుకుని ఊదితే ఈల మోగే బిళ్ల. పల్లిపట్టీ. ఒక కొసకు ఎర్ర రంగు పూసిన తెల్లటి సిగరెట్ పిప్పరమెంటు.

ఆ సిగరెట్ పిప్పరమెంటు అంటే మా అత్తకు మంట. "పసిపోరలకు గిదేం నేర్పుడురా" అని కొడుకును తిట్టేది, నోట్లో చుట్ట తీయకుండానే.

అరవై తొమ్మిదిలో తెలంగాణ గడబిడ మొదలైంది. బడులు బందయ్యాయి. పెద్ద విద్యార్థులు జెండాలు పట్టుకుని స్టేషన్ వైపు పోతుంటే, చిన్నవాళ్లు సిగరెట్ పిప్పరమెంట్లు నోట్లో పెట్టుకుని, లీడర్లలాగా చేతులు వెనక్కి కట్టుకుని వాళ్ల వెనకాల నడిచేవారు. బడి లేని పిల్లలు సీసాలన్నీ ఖాళీ చేశారు. మళ్లీ నింపుదామంటే సరుకు లేదు. రైలు ఒక రోజు వస్తే రెండు రోజులు రాదు, బస్సు సంగతి చెప్పలేం. అలాంటప్పుడు కాముని పున్నమి దగ్గర పడింది.

మా దిక్కు హోలీకి పిల్లల మెడలో చక్కెర పేర్లు వేస్తారు. పేరు అంటే దండ. పాకాన్ని కొయ్య అచ్చుల్లో పోస్తే రూపాయంత తెల్లటి బిళ్లలు అవుతాయి, అవన్నీ ఒకే దారానికి ఉంటాయి, నడుమ ఒక పెద్ద పతకం. పిల్లవాడికి మొదటి హోలీ అయితే అమ్మమ్మ ఇంటి నుంచి కొత్త అంగీతో పాటు చక్కెర పేరు రావలసిందే. అది మెడలో పడకుండా పండుగ పోతే పిల్లవాడికి మంచిది కాదంటారు. ఎప్పుడూ అవి పట్నం నుంచి గంపల్లో వచ్చేవి. ఆ ఏడు రాలేదు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి అడిగిపోతున్నారు.

మా ఆయన వడ్రంగి పని చేసే వడ్లాయనతో టేకు పలక మీద గుంటలు తవ్వించి అచ్చు తయారు చేయించాడు. పెరట్లో పొయ్యి పెట్టి తనే కూర్చున్నాడు. మొదటి పాకం అచ్చులో గట్టిపడలేదు, బంకలాగా సాగింది. రెండోది గిన్నెలోనే రాయి అయింది, సుత్తెతో కొట్టాల్సి వచ్చింది.

"ఇగో, జర జరుగున్రి" అన్నాను.

"నీకేం తెలుసే?"

"నాకు చప్పుడు తెలుసు."

మా తల్లిగారిది మానుకోట. ఇంటి వెనక చెరుకు బెల్లం వండేవారు. పల్చటి పాకం గలగలమంటుంది. ముదిరిన పాకంలో బుడగ నిదానంగా లేచి, టప్పుమని పగులుతుంది. ఆ చప్పుడు వినగానే గిన్నె దించాలి, తెడ్డుతో గిన్నె అంచుకు రుద్దుతూ తెల్లబడే దాకా తిప్పాలి, తెల్లబడిన మరుక్షణం పోసెయ్యాలి. అచ్చు ముందురోజు నుంచీ నీళ్లలో నానాలి, లేకపోతే బిళ్ల ఊడిరాదు. దారం ముందే గుంటల మీదుగా పరిచి ఉండాలి. ఆ దారం కొలత కూడా నాదే. నా మోచేయి నుంచి నడివేలి కొస దాకా ఒకసారి, దాని మీద ఒక జానెడు. మా ఆయన చెయ్యి పొడుగు. ఆయన కొలిస్తే పసివాళ్లకు బొడ్డు దాటి వేలాడేది.

ఆ ఏడు చేసినవన్నీ అమ్ముడుపోయాయి. మరుసటేడు రైళ్లు సక్కగానే నడిచాయి, పట్నం పేర్లు గంపల్లో దిగాయి. అయినా జనం మా దుకాణానికే వచ్చారు. నేను పెరట్లో పొయ్యి దగ్గర ఉండేదాన్ని, ఆయన బల్ల దగ్గర ఉండేవాడు. కాబట్టి అందరికీ అవి ఆయన చేసిన పేర్లు.

"అన్నా, నీ హస్తవాసి మంచిది. పోయినేడు నీ చేతి పేరు ఏసినం, పోరడు గుండ్రాయి లెక్క ఉన్నడు" అనేవారు.

ఆయన నవ్వేవాడు. నావి కావు, మా ఇంటిదానివి అని అనలేదు. నేను కూడా బయటికి వచ్చి చెప్పలేదు. చెప్పుకోవలసిన అవసరం పడుతుందని అప్పుడు ఎవరికి తెలుసు.

అలా ఆరు హోలీలు. ఆరో హోలీ అయిన ఎండాకాలంలో ఆయనకు కామెర్లు వచ్చాయి. వరంగల్ దవాఖానలో తొమ్మిది రోజులున్నాడు. పదో రోజు శవాన్ని తెచ్చుకున్నాం. దాని గురించి ఇంతకంటే చెప్పేది లేదు.

ఇద్దరు ఆడపిల్లలు, ముసలి అత్త. దుకాణం మూస్తే తినేదేముంది? పన్నెండో నాటికి గడియ తీశాను. జనం వచ్చారు. ఉప్పు, పప్పు, గ్యాసునూనె అన్నీ తీసుకున్నారు. పిల్లలు బిళ్లలు కొనుక్కున్నారు. అంతా మామూలుగానే ఉందనుకున్నాను. మళ్లీ కాముని పున్నమి వచ్చింది. అచ్చు నానబెట్టాను, పాకం పెట్టాను, ఎప్పటిలాగే బల్ల పైన వెదురు కర్రకు పేర్లు వేలాడదీశాను.

ఒక్కటీ కదల్లేదు.

"ఇంక దినాలున్నయి గద" అన్నారు కొందరు. ఒక చిన్నపిల్ల "పెద్దమ్మా, గదియ్యి" అని చెయ్యి చాపితే, తల్లి ఆ చెయ్యి పట్టి కిందికి లాగింది.

"గవి వద్దు బిడ్డా. పుల్లగుంటయి."

చక్కెర పుల్లగా ఉంటుందని వినడం నాకు అదే మొదలు.

పండుగ పోయింది. పేర్లు కర్రకే ఉన్నాయి. మా అత్త చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకుంది.

"ఏందే గట్ల సూస్తున్నవ్? ముండమోపి చెయ్యి. పసిపోరల మెడల పడేది నువ్వు ముట్టొద్దు. గంతే సంగతి."

"నేను ఏండ్ల సంది చేస్తలేనా అత్తా?"

"అప్పుడు వాడున్నడు."

మళ్లీ తనే అందుకుంది. మా మామ పోయి అప్పటికి ముప్పై ఏళ్లయింది. ఆ వాడలో సగం మందికి పురుడు పోసింది ఆమే.

"గీ వాడకట్టుల ఎంతమందిని గుంజి బయటేసిన్నో నాకే లెక్క లేదు. తల్లి మొత్తుకుంటుంటె, నా నొసటికి బొట్టు ఉన్నదా లేదా అని ఒక్కడన్న సూసిండా? పొల్ల పుట్టేదాక నా చెయ్యి కావాలె. పుట్టినంక దూరం జరగాలె." ఒక పేరు తెంపి చాయ్ గిన్నెలో పడేసింది. "ఇగ ఏడాదంత గీ పేర్ల చాయే తాగుదాం."

అలాగే తాగాం. ఒక ఏడు కాదు, నాలుగేళ్లు. ప్రతి హోలీకి నేను చేసేదాన్ని, కర్రకు కట్టేదాన్ని, పండుగ పోయాక చాయ్‌లో కరిగించేవాళ్లం. కట్టెలు దండగ అనేది అత్త. చెయ్యి మరిచిపోకూడదని అనేదాన్ని నేను. ఉప్పు, పప్పు ఎవరైనా తూకం వేస్తారు. ఆ దుకాణంలో నా సొంతానికి ఉన్న పని పేర్లు ఒక్కటే. ఎవరో ఒకరు, ఒక్క పేరు, ఒక్క పసివాడి మెడలో వేస్తే చాలు అనుకునేదాన్ని. దుకాణం నడవడానికి కాదు. దుకాణం ఎట్లాగూ నడుస్తూనే ఉంది.

ఎదురింటి అక్క కొడుకు దుబాయి పోయింది ఆ రోజుల్లోనే. మా వాడలో దుబాయి పోయిన మొదటివాడు అతనే. రెండేళ్లకు వచ్చాడు. ఒక టేప్‌రికార్డు, రెండు కంబళ్లు, చెల్లెలికి సెంటు సీసాలు, చేతులు చాపితే గానీ పట్టుకోలేనంత పెద్ద డబ్బా నిండా చాక్లెట్లు తెచ్చాడు. అక్క ఇంటింటికీ గుప్పెడు పంచింది. పంచినా తరగలేదు. మిగిలినవి నా దగ్గరికి తెచ్చింది.

"చెల్లె, గివి నీ సీసల పొయ్యి. నలుగురు సూస్తరు."

అమ్ముకోవడానికి కాదని నాకు తెలుసు. ఊరంతా ఇంటికి వచ్చి చూడలేరు, దుకాణానికైతే వస్తారు. నారింజ తొనల సీసా ఖాళీ చేసి, తుడిచి అందులో పోశాను. బంగారు రంగు కాగితం, రెండు పక్కలా మెలేసి ఉంటుంది. మా బిళ్లల కాగితం మైనపు కాగితం, నోట్లో సగం అంటుకుపోతుంది. ఇది చేతిలో పట్టుకుంటే గరగరమంటుంది. పిల్లలు సరే, పెద్దవాళ్లు కూడా ఏదో ఒక వంకతో వచ్చి, అగ్గిపెట్టె కొని, సీసా వైపు చూస్తూ నిలబడేవారు. ఒక ముసలాయన కాగితంతో సహా చప్పరించి, "దుబాయిది రుచే లేదు" అన్నాడు.

కాగితం మీద రాత ఉంది. అది కుడి నుంచి రాసేదని, ఉర్దూ చదివే పక్క దర్జీ సాబుకు చూపించాం.

"హరుఫులు సదువొస్తది. మాట తెల్వది" అన్నాడు ఆయన, అక్షరాల మీద వేలు పెట్టి.

"మల్ల సదివి ఏం లాభం సాబ్?"

"నువ్వు అది గూడ సదవలేవు గద అమ్మా."

నిజమే మరి.

చాక్లెట్ తిన్నాక మిగిలిన కాగితాలను ఎదురింటి అక్క పారేయనిచ్చేది కాదు. పిల్లలు తిని పడేసినవి ఏరుకుని, గోటితో సాపు చేసి, గూట్లో దేవుడి పటం వెనక దాచేది.

అక్క కూతుర్ని ఘనపురం ఇచ్చారు. స్టేషన్ ఘనపురం కాదు, ములుగు దిక్కుది, భూపాలపల్లి పోయే బాటలో. పిల్ల కాన్పుకు వచ్చి, మగపిల్లవాడిని కని, ఇంకా ఇక్కడే ఉంది. పిల్లవాడికి ఎనిమిదో నెల, మొదటి హోలీ. పండుగకు రెండు రోజుల ముందు అక్క కొంగులో ఏదో మూట కట్టుకుని వచ్చింది. వెదురు కర్రకు నా పేర్లు వేలాడుతున్నాయి. వాటికి తల తగలకుండా వంగి లోపలికి వచ్చింది.

"చెల్లె, మా మనుమనికి దుబాయి చాక్లెట్లతోని పేరు ఏద్దామనుకుంటున్న. ఊళ్లె ఎవ్వలు ఏసి ఉండరు. నాకు దారం కట్ట రాదు. నీకైతె కొలత ఎరికె. జర కట్టియ్యి."

కొంగు విప్పింది. బంగారు కాగితాలు మెరిశాయి.

నేను వెంటనే ముట్టుకోలేదు.

"అక్కా, నేను కడితె నీకు ఏం పట్టింపు లేదా?"

ఆమె బల్ల మీది ఉప్పును వేలితో ఒక పక్కకు నెట్టింది.

"దీనికి ఏం గాదు. కాగితం ఉన్నది గద. నీ చెయ్యి లోపటికి తగలదు."

లోపల అత్త దగ్గింది. అది దగ్గు కాదు.

"అవునే పిల్లా, ఆ దుబాయిల దాన్ని చేసినామెకు మొగడున్నడో లేడో అడిగి రమ్మన్నవా నీ కొడుకును?" అంది.

"పెద్దమ్మా, గది మిషన్ల చేస్తరట" అంది అక్క.

"ఓహో. మిషిని పుణ్యస్త్రీ అన్నట్టు."

అక్క నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే దారం తీసి, మోచేయికి ఆనించి కొలిచాను. కాగితం మెలికల దగ్గర ముడులు వేసుకుంటూ పోయాను. నడుమ పతకం కోసం మూడు చాక్లెట్లు కలిపి కట్టాను. చూడడానికి బాగానే ఉంది. అబద్ధమెందుకు, నా వాటికంటే బాగుంది.

హోలీ నాడు పొద్దున్నే పిల్లవాడికి తలంటి, కొత్త తెల్ల అంగీ తొడిగి, ఆ పేరు వేసి అరుగు మీద కూర్చోబెట్టారు. వచ్చినవాళ్లంతా పిల్లవాడిని కాదు, పేరును చూశారు. అక్క ఒకటే తిరుగుడు. పిల్లలు మోదుగ పూల నీళ్లు చల్లుకుంటున్నారు. ఎండ ఎక్కింది. మార్చి నెల ఎండ సంగతి దుబాయి నుంచి వచ్చిన చాక్లెట్‌కు తెలియదు, దాన్ని తెచ్చినవాడికైనా తెలియాలి. చక్కెర పేరు ఎండకు ఇంకా గట్టిపడుతుంది. ఇది కరిగింది. మెలికల్లోంచి గోధుమరంగు జిగురు కారి తెల్ల అంగీ మీద, మెడ మడతల్లో, కడుపు మీద పారింది. దానికి చీమలు పట్టాయి. పిల్లవాడు ఏడుపు అందుకున్నాడు. దూరం నుంచి చూసిన ఒకామె, "అయ్యో, పోరనికి ఇరేచనాలైనట్టున్నయి" అంది.

అక్క పేరు తెంపి పారేసి, పిల్లవాడికి మళ్లీ నీళ్లు పోయించింది. పోయించాక అర్థమైంది, మెడ బోసిగా ఉంది. మొదటి హోలీ. వియ్యంకులు మధ్యాహ్నం బువ్వకు వస్తున్నారు. బజారంతా రంగులాటకు మూసి ఉంది. వాడలో తెరిచి ఉన్నది నా దుకాణం ఒక్కటే, అది కూడా సగం తలుపు.

వచ్చి నిలబడింది. కర్ర వైపు చూసింది. నా వైపు చూడలేదు.

"చెల్లె..."

"చెప్పక్కా."

"నీకు కోపం రావద్దు."

"రాదు."

కొంగు చాటు నుంచి కాగితాల కట్ట తీసింది. దేవుడి పటం వెనక దాచిన బంగారు కాగితాలు, సాపు చేసినవి. బల్ల మీద పెట్టింది.

"నీ పేరుకు గివి సుట్టియ్యి. ఒక్కొక్క బిళ్లకు. సుట్టినంక నాకియ్యి."

అత్త లోపల్నుంచి ఏదో అనబోయింది. నేను వద్దన్నట్టు చెయ్యి ఊపాను. నాలుగేళ్ల నుంచి ఒక్క పేరు కోసం చూస్తున్నాను. ఆ ఒక్కటి ఇలా అడుగుతుందని అనుకోలేదు, కానీ అడిగింది. కర్ర నుంచి ఒకటి దించాను. పదకొండు బిళ్లలు, ఒక పతకం. ఒక్కోదానికి కాగితం చుట్టి, రెండు పక్కలా మెలేశాను. పతకానికి ఒక కాగితం చాలలేదు, రెండు అతికించాను. అక్క ఎదురుగా నిలబడి నా వేళ్లనే చూస్తోంది. చుట్టేటప్పుడు నా వేళ్లు బిళ్లకు తగులుతూనే ఉన్నాయి. తగలకుండా ఎట్లా చుడతారు? ఆమెకు అది కనబడుతోంది. తర్వాతి కాగితం అందించింది.

అరుగు మీద కూర్చున్న కూతురి ఒళ్లో పిల్లవాడున్నాడు. అక్క తనే పేరు మెడలో వేసింది. నేను దుకాణం సగం తలుపు దగ్గరే నిలబడ్డాను, గడప దాటలేదు. వియ్యంకులు వచ్చారు. "దుబాయి పేరా! భలే ఉన్నది" అన్నారు. అక్క అవునంది.

పిల్లవాడికి కొత్తగా కింది పళ్లు రెండు వచ్చాయి. అందిన బిళ్లను నోట్లో పెట్టుకుని నమలసాగాడు. మెలిక ఊడింది. కాగితం సగం చిరిగి, తెల్లటి చక్కెర బయటపడింది. దాన్ని రెండు చేతులతో పట్టుకుని చప్పరించడం మొదలుపెట్టాడు. చొల్లు మోచేతుల దాకా కారుతోంది. అక్క చూసింది. చూసి, తల తిప్పి, రోడ్డుకు ఇవతల నన్ను చూసింది. పరుగెత్తి లాగేస్తుందనుకున్నాను. ఒక అడుగు వేసింది కూడా. అంతలో పిల్లవాడు కెక్ కెక్‌మన్నాడు. కూతురు వేలు నోట్లో పెట్టి తీసింది. వచ్చింది బంగారు కాగితం ముక్క.

"నీ దుబాయి కాగితాలు పాడుగాను, పోరడు సచ్చేటోడే అవ్వా!" అని కూతురు తల్లి మీద అరిచింది.

అక్క ఒక్కొక్క బిళ్లకూ కాగితం వలిచి పారేసింది. వలిచాక పేరు తీసెయ్యలేదు. పిల్లవాడు మళ్లీ అదే బిళ్ల అందుకున్నాడు. సాయంత్రానికి దారం, పతకం ముక్క మిగిలాయి. ఎవరికీ ఏమీ కాలేదు. నేను తలుపు వేసి లోపలికి వచ్చాను.

"తిన్నడా?" అని అడిగింది అత్త.

"తిన్నడు."

"మంచిదే. ఇగ చాయ్‌లకు ఒకటి తక్కువ." చుట్ట ముట్టించుకుంది.

మరుసటేడు కాముని పున్నమికి ఇంకా వారం ఉందనగా అక్క వచ్చింది. కూతురు మళ్లీ కడుపుతో ఉంది, పిల్లవాడు అమ్మమ్మ దగ్గరే ఉన్నాడు, చెయ్యి పట్టుకుని నడుస్తున్నాడు. నేను అప్పుడే అచ్చులోంచి తీసిన పేర్లు కర్రకు కడుతున్నాను. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు బియ్యానికి వచ్చి నిలబడి ఉన్నారు. వాళ్లందరి ముందరే అడిగింది.

"చెల్లె, వీనికొక పేరు పోసియ్యి. కాగితం పెట్టకు, మింగుతడు."

బియ్యానికి వచ్చిన వాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. అందులో ఒకామె చంకలో నెలల పిల్ల ఉంది. ఆమె పేర్ల వైపు చూస్తూనే బియ్యంలో రాళ్లు ఏరడం మొదలుపెట్టింది.

"వీడు పెద్దగైండు గదా అక్కా. దారం కొంచెం పొడుగు పెట్టన్నా?" అని అడిగాను.

"నీ చెయ్యి కొలతే పెట్టు" అంది. "పోయినేడు గదే సరిపొయ్యింది."

మోచేయి బల్ల మీద ఆనించి దారం పరిచాను. నడివేలి కొస దాకా ఒకసారి, దాని మీద ఒక జానెడు.